ఆటిజం ఉన్న చిన్నపిల్లల సంరక్షకులకు వీడియో శిక్షణ: నర్సీపట్నం ప్రాంతానికి తగిన పద్ధతి

సారాంశం: ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు వీడియో ద్వారా ఇచ్చే శిక్షణను నర్సీపట్నం వంటి పట్టణంలో ఎలా అమర్చుకోవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దక్షిణాసియాలో, అమెరికాలో జరిగిన రెండు అధ్యయనాల ఆధారంగా, ఇంట్లో తీసిన వీడియోకు ఊళ్లోనే ఉండే సహాయకురాలి తోడు కలిపితేనే ఈ శిక్షణ ఇక్కడ నిలుస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆటిజం, సంరక్షకుల శిక్షణ, వీడియో సమీక్ష, భవిత కేంద్రాలు, నర్సీపట్నం

1. నేపథ్యం

నర్సీపట్నం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఒకవైపు మైదానం, మరోవైపు చింతపల్లి ఏజెన్సీ. ఇక్కడి కుటుంబాలు ప్రత్యేక వైద్యానికి చూసే విశాఖపట్నం దాదాపు 80 కిలోమీటర్లు. వారానికి రెండు మూడు సార్లు థెరపీ అంటే బస్సు ఛార్జీతో పాటు ఆ రోజుల కూలీ కూడా పోతుంది. హారన్ల మోత, రద్దీ తట్టుకోలేని పిల్లలకు ప్రయాణమే పెద్ద పరీక్ష. పైగా “వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి” అనే ఇంటి పెద్దల ఓదార్పుతో విలువైన నెలలు గడిచిపోతుంటాయి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించి, ఎదుగుదల లోపాలను తొలి దశలోనే పట్టుకోవాలని నిర్దేశించింది. అంటే గుర్తించడానికి ఒక దారి ఉంది. గుర్తించాక ఇంట్లో రోజూ ఏం చేయాలన్నదే కుటుంబానికి మిగిలే ప్రశ్న.

2. ఆధారాలు

‘పాస్’ పేరుతో గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో జరిగిన ప్రయోగ ఫలితాలు 2016లో ‘ది లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చాయి. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు. తల్లీబిడ్డలు ఆడుకుంటుండగా వీడియో తీసి, దాన్ని తల్లీ, కార్యకర్తా కలిసి కూర్చుని చూసి, పిల్లల సైగను తల్లి ఎక్కడ అందుకుందో, ఎక్కడ జారవిడిచిందో మాట్లాడుకోవడం ఇందులోని కీలకం. పిల్లల ధ్యాసను అనుసరించి స్పందించడం తల్లిదండ్రుల్లో పెరిగింది. పిల్లలు తామే చొరవ తీసుకుని పలకరించడమూ పెరిగింది. అయితే తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒకే వస్తువుపై ధ్యాస నిలిపే సమయం మాత్రం తగ్గింది. కాబట్టి ఈ శిక్షణను సర్వరోగ నివారిణిగా చెప్పకూడదు.

పాస్‌లో శిక్షణ ముఖాముఖిగా సాగింది. దూరం సంగతి తేల్చింది అమెరికాలోని అయోవా అధ్యయనం (2016). తీవ్రమైన ప్రవర్తన సమస్యలున్న 107 మంది చిన్నపిల్లల కుటుంబాలకు మూడు విధాల సేవ అందింది: నిపుణులు ఇంటికి రావడం, సమీప క్లినిక్‌కు వెళ్లి తెరపై మార్గదర్శనం పొందడం, ఇంటి నుంచే తెరపై పొందడం. మూడింటిలోనూ సమస్యలు సగటున 90 శాతానికి పైగా తగ్గాయి. వీడియో పద్ధతులకు ఖర్చు తక్కువైంది.

3. అన్వయం

అయోవాలోని రెండో పద్ధతి నర్సీపట్నానికి దగ్గరగా ఉంది. రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే ఉపాధ్యాయులు ఉన్నారు. ఊరూరా అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. కుటుంబం ఇంట్లో రెండు మూడు నిమిషాల వీడియో తీస్తుంది. దూరాన ఉన్న నిపుణురాలు దాన్ని తీరిక వేళ చూసి, మార్చుకోవలసిన ఒక్క విషయం చెబుతుంది. స్థానిక సహాయకురాలు తల్లి పక్కన కూర్చుని అది చేయించి చూస్తుంది. ప్రత్యక్ష వీడియో కాల్‌పైనే ఆధారపడనక్కర్లేదు కాబట్టి, సిగ్నల్ సరిగా అందని కొండ ఊళ్లకూ ఇది సాధ్యమే.

ఒక ఉదాహరణ. మన ఇళ్లలో ప్రేమతోనే “ఇదేంటి? చెప్పు. టాటా చెప్పు” అని వరుసగా అడుగుతాం. పిల్లవాడు అమ్మ చెయ్యి పట్టుకుని బిస్కెట్ డబ్బా దగ్గరికి లాక్కెళ్తే, అది ఇంకా మాటగా మారని అభ్యర్థన. అక్కడ ప్రశ్నలు ఆపి, క్షణం ఆగి, “బిస్కెట్” అని ఒక్కసారి అని ఇవ్వడం నేర్పవచ్చు. వీడియోలో తల్లి తనను తాను చూసుకుంటే ఈ తేడా సులువుగా తెలుస్తుంది.

4. జాగ్రత్తలు

శిక్షణ భారమంతా తల్లిపై పడితే అది మరో ఇంటిపని అవుతుంది. నాన్న, నాయనమ్మ, తాతయ్య కూడా వీడియోలో ఉండాలి. వీడియోలు ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో ముందే రాసివ్వాలి. ఏజెన్సీలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లకు తెలుగు సూచనలు చాలవు. శిక్షణ పిల్లవాడు ఇంట్లో వినే భాషలోనే సాగాలి. మూర్ఛ, వినికిడి లోపం, నేర్చుకున్న మాటలు పోవడం వంటివి కనిపిస్తే వీడియోతో సరిపెట్టకుండా వైద్యుడి దగ్గరికి పంపాలి.

5. ముగింపు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సంరక్షకుల శిక్షణలోనూ 9 బృంద తరగతులకు 3 ఇంటి సందర్శనలు జోడించారు. వీడియో ప్రయాణాన్ని తగ్గించగలదు. పక్కన కూర్చునే మనిషి అవసరాన్ని తీర్చలేదు. అందుకే నర్సీపట్నంలో ప్రయోగం మొదలైతే మొదటి ఖర్చు పరికరాలపై కాకుండా భవిత ఉపాధ్యాయుల, ఆశా కార్యకర్తల తర్ఫీదుపై పెట్టాలి. ఫలితాన్ని పిల్లవాడికి వచ్చిన మాటల లెక్కతోనే తేల్చకూడదు; పెద్దలు అతని ధ్యాసను ఎన్నిసార్లు అనుసరించారన్నదీ నమోదు చేయాలి. శిక్షణ ముందుగా మార్చగలిగేది అదే.