మన తాతల పేర్లు ఏ రికార్డుల ఉన్నయి?

వరంగల్‌ల చదువుకునే మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దొరల వంశం వెతకాలంటే 1954–55 ఖాస్రా పహాణీ తీస్తే చాలు, పట్టాదారు పేరు, తండ్రి పేరు దొరుకుతయి. భూమి లేనోని పేరు పహాణీకెట్ల ఎక్కుతది?

ఇంటర్నెట్‌ల 1909 నాటి థర్‌స్టన్ సంపుటాలున్నయి. నిజాం రాజ్యం కులాల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ 1920ల తెచ్చిన పుస్తకమూ ఉన్నది. మాదిగల పెండ్లి, చావు, తిండి అన్నీ రాసిండ్రు. ముక్కులు, తలలు కూడా కొలిచిండ్రు. అండ్ల మన తాత పేరు మాత్రం దొరకదు.

మరి మనకు వంశావళి లేదా? ఉన్నది. డక్కలోళ్ల నోట్ల ఉన్నది. మాదిగల గోత్రాలు, ఇంటిపేర్లు తరతరాలుగా యాది పెట్టుకున్నది వాళ్లే. ఆది జాంబవంతుని కాడ మొదలువెట్టి జాంబపురాణం పటం మీద చూపిస్తరు. ఏ ఊళ్లె అడిగే హక్కు ఏ కుటుంబానిదో ముందే పంచుకొని ఉంటరు. పద్మశాలీలకు కూనపులోళ్లు, గొల్లలకు మందెచ్చులోళ్లు ఎట్లనో, మనకు డక్కలోళ్లు అట్ల.

పటాలు గీసేది నకాషీ కుటుంబాలు. వాళ్ల ఊరు చేర్యాల, 2016 దాక మన వరంగల్ జిల్లానే. ఖాదీ గుడ్డకు చింతగింజల గంజి, సుద్ద పట్టించి, ఎర్ర రంగు మీద బొమ్మలు దించుతరు. పటం పాతదైతే పూజ చేసి నీళ్లల్ల కలుపుడు ఆచారం. అందుకే పాతయి తక్కువ మిగిలినయి.

ఇయ్యాల మ్యూజియాల సేకరణలు ఫోన్లనే చూడొచ్చు. ఇసొంటి పటం కనబడితే కింద రాసింది చదువుండ్రి. గుడ్డ, రంగులు, కొలత, శతాబ్దం, ఎవరు సేకరించిండ్రు అన్నది ఉంటది. ఆ పటం విప్పి కథ చెప్పినోళ్ల పేరు చాలాసార్లు ఉండదు. ఒక కులం చరిత్ర అక్కడ 'జానపద కళ' అయితది. బొమ్మ భద్రంగనే ఉంటది, దాన్ని చదివే గొంతు పోతది.

ఇంకో మాట, ఇది మనకే. మన చరిత్ర మోసిన డక్కలోళ్లను మాదిగవాడలు గడప అవతలనే నిలబెట్టినయి. ఊరు మనల్ని వెలి పెట్టినట్టే మనం వాళ్లను పెట్టినం. డక్కలి బిడ్డ దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022ల పద్మశ్రీ వస్తే చప్పట్లు కొట్టినం. అదే కులపోళ్లు వాడకొస్తే ఇంట్లకు పిలిచి పీటేసినమా? అంబేద్కర్ చెప్పిన మెట్ల అసమానత అంటే ఇదే.

చరిత్ర విద్యార్థులు చేయగల పని ఒకటున్నది. మీ వాడకొచ్చే డక్కలి పెద్దను ఇంట్ల కూసోవెట్టి, అనుమతి అడిగి, గోత్రాలు రికార్డు చేయుండ్రి. చెప్పినోళ్ల పేరు, ఊరు ముందు రాయుండ్రి. ఆ కష్టానికి పైసలియ్యుండ్రి. రికార్డు కాపీ వాళ్లకే ముందు అందాలె. మ్యూజియం పేజీల పేరు లేకుంటే ఉత్తరం రాసి అడుగుండ్రి.

జై భీమ్.