అంబాసిడర్ నుంచి ఆల్‌వీల్ డ్రైవ్ దాకా

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, అమెరికా మంచులో కొన్నేళ్లు బండి నడిపి వచ్చినవాడు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే సెడాన్ కొంటానన్నాడు. ధర విని నాకు నోట మాట రాలేదు. అది ఇక్కడ అక్కరకు వచ్చేదేనా అని ఆలోచించగా పాత సంగతులెన్నో గుర్తుకు వచ్చాయి.

మనమెరిగిన అంబాసిడర్‌ను వెనుక చక్రాలు తోసేవి. 1950ల చివర మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800ను ముందు చక్రాలు లాగేవి. వెనక్కి షాఫ్టు అక్కరలేదు కనుక బరువు తగ్గింది, లోపల చోటు కలిసివచ్చింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మధ్యతరగతి కారంటే మారుతియే.

ఇక నాలుగు చక్రాల సంగతి. సీలేరు, శ్రీశైలం క్యాంపుల్లో జీపు ఎక్కిన మన విద్యుత్ శాఖ మిత్రులకు ఇది కొత్త కాదు. బురదలో లివర్ వేసేవారు, తారురోడ్డు రాగానే తీసేసేవారు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం తిరగవు. లివర్ తీయకపోతే టైర్లూ గేర్లూ అరిగిపోతాయి.

జపానులో తొహోకు ఎలక్ట్రిక్ పవర్ అనే విద్యుత్ సంస్థ, మంచు కొండల్లో లైన్లు చూసే తన సిబ్బందికి జీపుకన్నా సుఖమైన బండి కావాలని కోరింది. ఆ ప్రయత్నమే 1972లో సుబారు లియోన్‌గా బజారుకొచ్చింది. లైన్‌మన్ల కోసం పుట్టిన బండి అన్నమాట! 1980లో జెనీవా ప్రదర్శనలో ఆడి క్వాట్రో వచ్చింది. ముందు, వెనుక యాక్సిళ్ల నడుమ ఒక డిఫరెన్షియల్ పెట్టి, లివర్ బెడద లేకుండా నాలుగు చక్రాలనూ ఎల్లవేళలా నడిపించారు. సుబారు 1989లో లెగసీ సెడాన్‌ను తెచ్చింది. కుటుంబాలు ఎత్తైన బండ్లవైపు మొగ్గడంతో, 2025 మోడల్‌తో దానికి స్వస్తి అని 2024లో ప్రకటించారు.

దీనికి గుణాలు లేవనను. తడిసిన ఎత్తుమీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు చక్రం జారదు. ఔటర్ రింగు రోడ్డుమీద వానలో వేగం పెంచినా బండి నిలకడగా పోతుంది. కానీ బ్రేకు వేస్తే మామూలు కారుకన్నా ముందు ఆగదు. దానికీ నాలుగు బ్రేకులే, దీనికీ నాలుగే. బరువు ఎక్కువ, మైలేజి తక్కువ. గుంతలో పడి ఒక టైరు చిరిగితే, మిగతా మూడూ బాగా అరిగి ఉన్నప్పుడు నాలుగూ మార్చవలసి రావచ్చు.

అన్నిటికన్నా పెద్ద భ్రమ నీళ్ల విషయంలో. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు హైదరాబాదులో కార్లు కొట్టుకుపోవడం అందరం టీవీలో చూశాం. ఇంజను గాలి పీల్చే చోటు మునిగితే ఎన్ని చక్రాలు తిరిగి ఏం లాభం? తేలిన బండికి పట్టు దొరకదు. సెడాన్ నేలకు దగ్గర. గచ్చిబౌలిలో నీరు నిలిచిన రోజున ఎత్తైన చిన్న బండే నయం. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడకు ఎక్కడం, దిగడం కూడా అందులోనే సులువు.

ఇంతా విని మావాడు, "మరి అరకు ఘాట్ ఎక్కాలంటే నాన్నా?" అన్నాడు. అరకు ఘాట్ మన అంబాసిడర్లూ ఎక్కాయి. దారిలో రెండుసార్లు రేడియేటరులో నీళ్లు పోశామనుకోండి.