మిషను పాఠశాలల యాజమాన్యములో తల్లిదండ్రుల స్థానము: ఒక చారిత్రక పరిశీలన

మన దేశములో ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ గ్రాంటు ఇచ్చు విధానమునకు 1854 నాటి వుడ్స్ డిస్పాచ్ పునాది వేసినది. అప్పటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో అనేక మిషను పాఠశాలలు ఈ గ్రాంటును పొందినవి. గ్రాంటుకై డిస్పాచ్ విధించిన షరతులలో రెండింటిని మనము జాగ్రత్తగా చదువవలెను. పాఠశాలకు తగిన స్థానిక యాజమాన్యము ఉండవలెను. విద్యార్థులనుండి ఎంత స్వల్పమైనను కొంత ఫీజు వసూలు చేయవలెను. స్థానిక యాజమాన్యమనగా ఎవరు? పోషకులు, చందాదారులు, ధర్మనిధుల ట్రస్టీలు వంటివారని డిస్పాచే వివరించినది. ఫీజు చెల్లించు తండ్రి పేరు అందులో లేదు. తల్లి సంగతి చెప్పనక్కరలేదు.

ఆచరణలో ఈ యాజమాన్యము కరస్పాండెంటు అను ఒక వ్యక్తి చేతిలోనికి వచ్చినది. విద్యాశాఖతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపువాడు గనుక ఆ పేరు. తొలుత మిషనరీ, తరువాత సంఘ నాయకుడు, కొన్నిచోట్ల పాస్టరుగారే ఆ కుర్చీలో కూర్చుండిరి. కూర్చున్నవారు మారిరి గాని కుర్చీ మారలేదు. పొలము పనికి పోవలసిన బిడ్డను బడికి పంపి ఆ కూలి వదులుకొన్న తల్లిదండ్రులకు అక్కడ చోటు దొరకలేదు.

ప్రభుత్వ పాఠశాలలలో మార్పు ముందుగా వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1998 నాటి చట్టము తల్లిదండ్రులతో పాఠశాల కమిటీలను ఏర్పరచినది. 2009 విద్యా హక్కు చట్టములోని 21వ సెక్షను ఇంకను ముందుకు పోయినది. అన్‌ఎయిడెడ్ పాఠశాలలు మినహా ప్రతి పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండవలెను. సభ్యులలో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, సగము మంది స్త్రీలు. ప్రభుత్వ గ్రాంటు ఎట్లు ఖర్చగుచున్నదో చూచు అధికారము ఆ కమిటీది.

మైనారిటీ పాఠశాలల విషయములో మాత్రము చట్టము వెనుకకు నడచినది. 2012 సవరణ అక్కడి కమిటీని సలహాలకే పరిమితము చేసినది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, ఈ చట్టము ఎయిడెడ్, అన్‌ఎయిడెడ్ మైనారిటీ పాఠశాలలకు అసలే వర్తించదని తీర్పు చెప్పినది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును సందేహించి, విస్తృత ధర్మాసనము పరిశీలనకై ప్రధాన న్యాయమూర్తికి నివేదించినది.

మన సంస్థలు ఈ తీర్పును రక్షణగా స్వీకరించుట సహజమే. అయితే రాజ్యాంగము 30వ అధికరణము హక్కునిచ్చినది మైనారిటీ వర్గమునకు. కరస్పాండెంటు పదవికి కాదు. ఆ వర్గములో బిడ్డను పంపు విశ్వాసియైన కూలివాడును ఉన్నాడు. 2014 తీర్పు చట్టపు నిర్బంధమును తొలగించినదే గాని, అతనిని కమిటీలో కూర్చుండబెట్టవద్దని ఎక్కడను చెప్పలేదు.