పారిశ్రామిక అనుమతులలో సంస్కరణలు: ఏకగవాక్ష విధానం

పరిశ్రమ స్థాపనకు పెట్టుబడి సమకూరినంత మాత్రాన సరిపోదు. భూవినియోగం, భవన నమూనా, విద్యుత్తు, నీరు, కాలుష్య నియంత్రణ, అగ్నిమాపక భద్రత మొదలగు అనుమతుల నిమిత్తం దరఖాస్తుదారు శాఖల చుట్టూ తిరగవలసి వచ్చేది. ఈలోగా అప్పుపై వడ్డీ పెరిగేది. ఈ జాప్య నివారణకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో ఏకగవాక్ష అనుమతుల చట్టం రూపొందింది. జిల్లా కమిటీలకు కలెక్టర్లు అధ్యక్షత వహించారు.

రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ ప్రభుత్వం 2014లో టీఎస్-ఐపాస్ చట్టాన్ని తీసుకువచ్చింది. దీని ప్రకారం భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, ఇతర పరిశ్రమలకు 30 రోజుల గడువు నిర్ణయించారు. భారీ ప్రాజెక్టుల విషయంలో గడువు ముగిస్తే అనుమతి లభించినట్లే పరిగణిస్తారు. అకారణ జాప్యానికి బాధ్యులైన అధికారులకు జరిమానా సైతం ఉంది. అన్నింటికన్నా ముఖ్యమైన మార్పు ఇదేనని చెప్పవచ్చు. పూర్వం జాప్యపు భారం దరఖాస్తుదారుపైనే పడేది. స్వీయ ధ్రువీకరణ పత్రం సమర్పించినవారు నిబంధనల పాలనకు బాధ్యులవుతారు.