పిండి నైసుగా పట్టిందా?

మా పాపకి ఏది చూపించినా "నైస్ మా" అంటుంది. కొత్త చీరా నైసే, ఉగ్గానీ నైసే, వాన పడినా నైసే. మొన్న జొన్నల డబ్బా చేతికిచ్చి, "మిషనులో నైసుగా పట్టించుకురా" అన్నాను. "పిండి నైస్‌గా ఉండడమేంటమ్మా!" అని ఒకటే నవ్వు. పట్టించడం ఎరగని పిల్ల, పోనీలెండి. రవ్వరవ్వగా పడితే రొట్టె తట్టేటప్పుడు అంచులు పగిలి చేతికే వస్తుందని దానికేం తెలుసు? ఇంగ్లీషు రాని మా అమ్మ కూడా మిషనతనితో నైసుగానే పట్టమనేది. నైసు అంటే మెత్తగా, నున్నగా. మరి ఇంగ్లీషువాళ్ళ నైస్‌కి అసలు అర్థం ఏంటా అని వెతికితే, నాకే ఆశ్చర్యమేసింది.

లాటిన్‌లో 'నెస్కియుస్' అనే మాట ఉంది. 'నె' అంటే కాదు, 'స్కిరె' అంటే తెలియడం. అంటే ఏమీ తెలియనివాడు. అదే పాత ఫ్రెంచిలోకి వచ్చి, అక్కడినుంచి 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరింది. అప్పుడు ఎవరినైనా నైస్ అంటే తెలివితక్కువ మనిషి అని తిట్టినట్టే! తర్వాత బిడియస్తుడు, ప్రతిదానికీ వంకపెట్టేవాడు, సుకుమారి, ఇలా రకరకాలుగా తిరిగి, సన్నటి తేడాని కూడా పట్టగలిగేది అనే అర్థానికి వచ్చింది. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో కూడా ఆ సూక్ష్మం, ఖచ్చితం అనే అర్థాలున్నాయి. బాగుంది అనే అర్థం 18వ శతాబ్దం రెండో సగంలోగానీ బలపడలేదు. 1817 చివర్లో వచ్చిన జేన్ ఆస్టెన్ 'నార్తాంగర్ ఆబీ' నవలలో, ప్రతిదాన్నీ నైస్ అనే అమ్మాయిని కథానాయకుడు ఆటపట్టిస్తాడు. మా పాప గుర్తొచ్చింది నాకు.

మన నైసుకి ఆ 'సన్నం' అర్థమే దగ్గర. గుడ్డల విషయంలో చూడండి. ఆదోని మార్కెట్‌లో పత్తి కొనేవాళ్ళు కొంచెం దూది వేళ్ళ మధ్య లాగి పింజ పొడవు చూస్తారు. పింజ పొడవుగా ఉంటేనే సన్నటి నూలు వస్తుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు అని లెక్క. 20 కౌంటు ముతక, 80, 100 కౌంట్లు నైసు. ఆదోనికి దగ్గర్లోనే ఉన్న ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టింది అక్కడే. అలాంటి చోట చేత్తో తడిమి "ముతక", "నైసు" అనడానికి ఇంగ్లీషు చదువుతో పనేముంది?

ఇంకో సంగతి కూడా ఉందని నాకనిపిస్తుంది. మా ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారి మైసూరుకి పోయినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఇక్కడ ఇప్పటికీ చాలా ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు. కన్నడంలో 'నయ' అంటే నునుపు. తెలుగులో నయం అంటే మేలు, మెత్తదనం కూడా. నయానా భయానా అంటాం కదా. నయగారం, నయవంచన అనే మాటలూ ఆ వంశానివే. నయం, నైసు రెండూ వినడానికి దగ్గర, అర్థానికీ దగ్గర. కొత్త మాట వచ్చి పాతదాని పీటమీదే కూర్చుందని నా ఊహ. లేకపోతే ఆ మెత్తటి మోసం అర్థం కూడా నైసుకి అంతలా ఎలా అంటుకుంటుంది?

మా మేనత్త ఒకామె ఉండేది. పుట్టింటి పొలం సంగతి వచ్చినప్పుడల్లా ఒకే మాట అనేది, "నైసుగా మాట్లాడి ఏలిముద్ర ఏయించుకున్నార్రా" అని. పండక్కి పిలిచారట, భక్ష్యాలు చేసి పెట్టారట, కొత్త చీర పెట్టారట. అన్నం తిన్నాక ఒక కాగితం తెచ్చి, "ఊరికే, లెక్కకోసం" అన్నారట. ఆమెకు చదువు రాదు. అందులో ఏముందో చదివి చెప్పినవాళ్ళు లేరు. ఆ చీర మాత్రం చివరిదాకా కట్టుకోలేదు, పెట్టెలోనే ఉండిపోయింది. మంచి నైసు గుడ్డ. నేను తడిమి చూశాను.

రొట్టెలు చేస్తూ పాపకి ఇదంతా చెప్పాను. నెస్కియుస్ అంటే తెలియనివాడు అని చెప్పినప్పుడు నవ్వింది గానీ, అత్త సంగతి వచ్చేసరికి నవ్వలేదు.

"అయితే వాళ్ళు నైస్ కాదు కదమ్మా" అంది.

"అత్త లెక్కలో వాళ్ళే నైసు" అన్నాను.