త్రాగుడు రోగపు తొలి గుర్తులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పూర్వము కోతకూలీలకు యజమానులే సారా పోయుచుండిరి. దానిని తప్పని యెంచినవారు అరుదు. 1784వ సంవత్సరమున ఫిలడెల్ఫియా పట్టణపు వైద్యులగు బెంజమిన్ రష్ గారు ఒక చిన్న పుస్తకము వ్రాసి, త్రాగినవానియందు కానవచ్చు గుర్తులను తెలిపిరి: వదరుట, లేక వింత మౌనము, ఊరక కయ్యమునకు దిగుట. విడువరాని త్రాగుడు రోగమనియు వారు చెప్పిరి.

అయితే ఇవి త్రాగినపూట గుర్తులు మాత్రమే. రోగము లోలోపల ముదురు తీరును త్రాగి మానినవారే చెప్పవలసి వచ్చెను. 1935లో ఒహాయో రాష్ట్రమందలి ఆక్రన్ పట్టణమున త్రాగుబోతులైన యిద్దరు పురుషులు ఒకరికొకరు తోడుపడగా ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము మొదలయ్యెను. ఆ సంఘస్థులు తమ పత్రికలో ప్రశ్నలు అచ్చువేసిరి. 98 మంది పురుషుల జవాబులను జెల్లినెక్ అను పండితుడు పరిశీలించి 1946లో ప్రకటించెను.

అందు వీధిలో పడిపోవుట మొదటి గుర్తు కాదు. రాత్రి ఇంటికి నడచివచ్చి, మాటలాడి, భోజనము చేసి, తెల్లవారినపిదప అందేదియు జ్ఞప్తికి రాకుండుట, చాటుగా త్రాగుట, ఒక గ్లాసుతో నిలుపుదుననుకొని నిలుపలేకపోవుట, దానికి సాకులు చెప్పుట, కడకు ప్రొద్దున లేవగానే త్రాగుట. ఇవి పొరుగువారికంటె ముందు భార్యాబిడ్డలకు తెలియును. దినమును తప్పక పనికి పోవువాడును ఈ త్రోవలో నుండవచ్చును.

త్రాగనిచో చేతులు వణకు స్థితికి వచ్చినవాడు హఠాత్తుగా మానినయెడల మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణమే పోవచ్చును. అట్టివానిని గదిలోబెట్టి తలుపు వేయక, వైద్యునియొద్దకు తోడుకొని పోవలయును.