వేపమండ కంటే ముందు

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగితే ఒక దారి గుడివాడకి, ఒకటి నూజివీడుకి, హైవే అటు ఏలూరుకి, ఇటు విజయవాడకి. తట్టు గురించి ఎక్కడ చదివినా నాకు ఈ కూడలే గుర్తొస్తుంది.

మా అమ్మమ్మ కాలంలో పిల్లాడికి తట్టు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. మూఢనమ్మకమని కొట్టిపారేయలేను, ఈ ఇంటికి రావద్దని ఊరికి చెప్పే బోర్డు అది. చిక్కల్లా ఒకటే. దద్దుర్లు కనపడటానికి 4 రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది. రోగి వెళ్ళిపోయాక కూడా గాలిలో రెండు గంటల దాకా ఉంటుంది. మండ కట్టేసరికే వైరస్ నాలుగు దారులూ పట్టేసి ఉంటుంది.

దానికంటే ముందుండగలిగేది టీకానే. అమెరికాలో 1963లో వచ్చింది. మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో 1985లో చేరింది. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 9 నెలల నుంచి 15 ఏళ్ళలోపు పిల్లలకి మీజిల్స్-రుబెల్లా టీకా వేయడం మొదలుపెట్టారు.

మశూచి మొహాల మీద మచ్చలు మిగిల్చింది కాబట్టి గుర్తుంది. తట్టు అలా గుర్తులు వదలదు, త్వరగా మర్చిపోయాం. 2022లో ముంబైలో పిల్లలు చనిపోయారు. 2000లోనే తట్టు పోయిందని ప్రకటించుకున్న అమెరికాలో, 2025లో టెక్సాస్‌లో మళ్ళీ ప్రబలింది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి.

మా ఫ్రిజ్ మీద పాప టీకా కార్డు ఉంది. పదహారు నెలలు నిండాయి, రెండో డోసు గడి ఇంకా ఖాళీ. ఈ వారమే వేయించాలి.